సముద్రం నీళ్లు తాగిన తెరచాప

కేన్వాసు కుట్టడం నేర్చుకుంటామని వచ్చే అమ్మాయిలకు నేను మొదట చెప్పేది ఒకటే: గోళ్లు కత్తిరించుకుని రండి. బరువు గుడ్డ మడతలో పొడుగు గోరు ఇరుక్కుంటే గుడ్డకేమీ కాదు, గోరు లేచిపోతుంది. మిగతా సంగతులన్నీ ఆ తరువాతే.

నేను సికింద్రాబాద్‌లో ఒక డేరాల కార్ఖానాలో పనిచేశాను. కుట్టుమనిషిగా చేరాను, కుట్టుపని మొత్తం చూసే మేస్త్రిగా మానేశాను. అప్పటికి నాకు చదువు లేదు. జుట్టు నెరిశాక సీతాఫల్‌మండిలో పెద్దవాళ్ల బడికి వెళ్లి అక్షరాలు దిద్దాను. ఇప్పుడు అదే కార్ఖానాలో పనిచేసే పిల్లలు "నానమ్మా, నువ్వు నోటితోని జెప్తే మర్సిపోతున్నం, రాసియ్యి" అంటే ఇది రాస్తున్నాను. పెళ్లిళ్ల షామియానాలు, పటాలాల డేరాలు లెక్కలేనన్ని కుట్టాం. వాటి గురించి మీకు ఎవరైనా చెబుతారు. నేను మాత్రం ఒక చిన్న తెరచాప గురించి చెబుతాను. నా పని ఏమిటో నాకు అర్థమైంది దాని దగ్గరే.

పేరు తరువాత

మేము దూదేకులవాళ్లం. నమాజు చదువుతాం, ఇంట్లో తెలుగు మాట్లాడతాం. రాంగోపాల్‌పేట్‌లో మా మామకు పరుపుల దుకాణం ఉండేది. ఆయనా మా అత్తా దూది ఏకేవాళ్లు, పరుపు అంచులు నేను దబ్బనంతో కుట్టేదాన్ని. మా ఆయన సైదులు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ.

పోలీస్ యాక్షన్‌కు ముందు రజాకార్ల పేరు వింటేనే మా బజారులో తలుపులు పడేవి. ఉన్నవాళ్లు మూటాముల్లె సర్దుకుని బంధువుల ఊళ్లకు వెళ్లిపోయారు. ఇల్లు విడిచిపెట్టే మనిషి కొత్త పరుపు కుట్టించుకుంటాడా? పోలీస్ యాక్షన్ అయ్యాక భయం ఇల్లు మారింది. అంతవరకు ఎదురింట్లో ఉన్నది మా ఇంటికి వచ్చి కూర్చుంది. రజాకార్లతో మాకు ఏ సంబంధమూ లేదు. అయినా పేరు చెప్పగానే ఎదుటి మనిషి ముఖం మారేది. మామ దుకాణం తలుపు తీయడం మానేశాడు. మా ఆయన జీతం ఇంటికి చాలేది కాదు.

కార్ఖానాలో కుట్టుమనుషులు కావాలని విని ఒక పొద్దున వెళ్లాను. మేస్త్రి యాదగిరి వాకిట్లో తాడు పేనుతున్నాడు. మా మామ వయసు మనిషి.

"ఏం గావాలె బిడ్డా?"

"పని గావాలె కాకా. పరుపులు కుడ్త. నా పేరు..."

అక్కడ ఆపేశాను. ఆయన గమనించాడనుకుంటాను.

"పేరు తర్వాత జెప్పు. ముందుగాల గీ రెండు ముక్కలు అతికి సూపియ్."

నేలమీద కూర్చుని అతికాను. ఆయన ఆ అతుకును రెండు చేతులతో లాగి చూశాడు. ఒక కొన కాలికింద తొక్కిపెట్టి, రెండో కొన పైకి గుంజాడు. అతుకు ఊడలేదు.

"మంచిగున్నది. గిప్పుడు జెప్పు, నీ పేరేంది?"

"మస్తాన్‌బీ."

"ఆఁ. రేపు పొద్దుగాల్నే రా మస్తాన్‌బీ. గోళ్లు కత్తిరిచ్చుకోని రా."

అంతే. ఆ రోజుల్లో అంతకంటే పెద్ద మాట నాతో ఎవరూ అనలేదు.

కెప్టెన్ సాబ్ బేరం

మా కార్ఖానా నిజాం పటాలాలకు డేరాలు కుట్టి బతికింది. నేను చేరిన కొన్నాళ్లకు ఆ పటాలాలే లేకుండా పోయాయి. కంటోన్మెంటుకు వచ్చిన కొత్త పటాలాలు డేరాలు తమతోనే తెచ్చుకున్నాయి. కొన్నేళ్లు షామియానాల మరమ్మతులతో నెట్టుకొచ్చాం. చివరికి కార్ఖానా సేటు వచ్చి, దసరాలోపు పెద్ద పని రాకపోతే తాళం వేస్తానన్నాడు. ఆయన్ను తప్పుపట్టను. కానీ నాతోపాటు కుట్టే ఆడవాళ్లలో చాలామందికి ఆ దబ్బనం తప్ప వేరే ఆధారం లేదు.

అప్పుడు కంటోన్మెంటు నుంచి ఒక కెప్టెన్ సాబ్ వచ్చాడు. ఉత్తరాది మనిషి, మాట కరుకు. ఆయన సెలవురోజుల్లో హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడిపేవాడు. చలికాలంలో బొంబాయి రేవులో పెద్ద పోటీ ఉందట, పై దేశాలవాళ్లు కూడా వస్తున్నారట. ఆయన తెరచాప పాతదైపోయింది. విలాయతు నుంచి కొత్తది తెప్పించే వ్యవధి లేదు.

"డేరాలు కుట్టేవాళ్లకు ఇది రాదా?" అని హిందుస్తానీలో అడిగాడు.

మా యాదగిరి కాక జన్మలో తెరచాప ముట్టుకోలేదు. "ఎందుకు రాదు సాబ్?" అన్నాడు.

కెప్టెన్ సాబ్ తన షరతు చెప్పాడు. బొంబాయిలో ఆ తెరచాప బాగా పనిచేస్తే కంటోన్మెంటు డేరాల మరమ్మతంతా మాకు ఇప్పించేలా పెద్ద అధికారులతో మాట్లాడతాడు. లేకపోతే ఆయన్ను మళ్లీ ఏమీ అడగకూడదు. సేటు తన దసరా గడువును ఆ పోటీ దాకా పొడిగించాడు. మా కార్ఖానా ఆ గుడ్డకు వేలాడింది.

పాత తెరచాపను నేలమీద పరిచి, దాని ప్రకారమే పట్టీలు కోసి, అతుకు వెంట అతుకు దించాం. ఎందుకలా కుట్టారో మాకు తెలియదు, కుట్టినట్టు కుట్టాం. పాతదాని మీద ఉన్నట్టే దీని మీదా ఒక ఇంగ్లీషు అక్షరం, అంకె ఉండాలన్నారు. కెప్టెన్ సాబ్ నేలమీద సుద్దముక్కతో గీశాడు, నేను గుడ్డలో కోసి కుట్టాను. అక్షరం చదవడానికి చాలా ఏళ్ల ముందే నాకు కుట్టడం వచ్చిందన్నమాట.

హుస్సేన్‌సాగర్‌లో ఒక సాయంత్రం ఎక్కించి చూశారు. కార్ఖానా ఆడవాళ్లమంతా ట్యాంక్‌బండ్ మీద నిలబడ్డాం. తెరచాప నిండుచూలాలి కడుపులా ఉబ్బి, పడవను లాక్కుపోయింది. కెప్టెన్ సాబ్ దూరం నుంచే చెయ్యి ఊపాడు. మేము చీరకొంగులు ఊపాం.

సముద్రంలో పరుపు

పోటీ దగ్గర కుట్టు ఊడితే వేయడానికి మనిషి ఉండాలి. కాకకు అప్పటికే చూపు తగ్గింది. అంచుకుట్టు నాది. "మస్తాన్‌బీ రావాలె" అన్నాడు.

మా అత్త దూది ఏకే కర్ర పక్కన పెట్టి మరీ అడిగింది. "పరుపులు కుట్టెటోళ్లకు పడవలేందే? సముద్రంల పరుపేసి పంటవా?"

"పంటే పండనియ్యవే అమ్మా" అన్నాడు మా ఆయన. "నాకు రైల్వే పాసున్నది. నేను సుత పోత. సముద్రం ఎట్లుంటదో సూడకుండనే సస్తనా?"

అలా నేను, మా ఆయన, కాక రైలెక్కాం. తెరచాపను మడిచి మూటకట్టి, దారంతా దానికి ఆనుకునే కూర్చున్నాం. సికింద్రాబాద్ దాటి నేనెప్పుడూ పోలేదు. వాడీ స్టేషను వచ్చేసరికే ఇక దేశం అయిపోతుందనుకున్నాను.

బొంబాయి రేవుకు చేరాం. మేడల్లాంటి ఓడలు. వాటి మధ్య ఈగల్లా తిరిగే చిన్న పడవలు. చేపల వాసన, తారు వాసన, బొగ్గు పొగ. ఏ దేశాలవాళ్లో, ఎండకు ముఖాలు ఎర్రబడ్డ మనుషులు వట్టి కాళ్లతో తాళ్లు మోసుకుపోతున్నారు. ఎటు చూసినా తెల్ల తెరచాపలే.

మా ఆయన చేతులు కట్టుకుని నీళ్లవైపు చూశాడు. "అవుతలి గట్టు కనబడ్తలేదు గదనే" అన్నాడు.

"లేదంట."

"లేకుంటే మరి నీళ్లెట్ల ఆగుతయ్?"

ఆ మాటకు కాక నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ తరువాత రెండు రోజులు ఆయన నవ్వలేదు.

ఆ ఊరి నీళ్లు

మా డేరాలవాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. కొత్త డేరా మొదట ఏ ఊళ్లో లేస్తుందో ఆ ఊరి నీళ్లు తాగాలి. డేరా గుడ్డను గూటాలు కొట్టి బిగించి, కొబ్బరికాయ కొట్టి, బిందెలతో నీళ్లు పోస్తాం. నీళ్లు తాగిన దారం ఉబ్బి సూదిబెజ్జాలు మూసుకుంటాయి. గుడ్డ బిగుసుకుని తప్పెటలా మోగుతుంది. ఇక వాన లోపలికి దిగదు. ఈ ఆనవాయితీ చేయని డేరాలో మా మేస్త్రులు ఎవరినీ అడుగు పెట్టనివ్వరు.

బొంబాయిలో దిగిన మధ్యాహ్నం కాక పడవల షెడ్డు వెనక గడ్డి చూశాడు. "గూటాలు కొట్టుండ్రి" అన్నాడు.

నేను అడిగాను. "హుస్సేన్‌సాగర్ల తడిసింది గద కాకా?"

"తుంపర్లు పడితే తాగినట్టా? కొత్త గుడ్డ. సముద్రంల కుంచిచ్చుకపోతే ఎవడు జిమ్మేదారి?"

"ఉప్పు నీళ్లు గద మరి."

"గీ ఊరి నీళ్లు గివే గద బిడ్డా."

కెప్టెన్ సాబ్ ముందే గూడ్సు బండిలో పంపించిన తన పడవ రంగు చూసుకునే పనిలో ఉన్నాడు. మేము తెరచాపను గడ్డిమీద పరిచి, చుట్టూ గూటాలు కొట్టి, ఎక్కడా మడత లేకుండా లాగాం. మా ఆయన, కాక బకెట్లతో సముద్రం నీళ్లు తెచ్చి పోశారు. గుడ్డ బిగిసింది. వేలితో కొడితే మోగింది. మా చేతిలో అంత చక్కగా బిగిసిన గుడ్డ ఇంకొకటి లేదు.

మర్నాడు పొద్దున కెప్టెన్ సాబ్ అలవాటు కోసం పడవను నీళ్లలోకి తీసుకుపోయాడు. మంచి గాలి ఉంది. మిగతా పడవలు పక్కకు ఒరిగి దూసుకుపోతున్నాయి. మాది నిలబడి ఆలోచిస్తున్నట్టు ఉంది. తెరచాపకు పొట్ట లేదు, తలుపుచెక్కలా నిలబడింది. గాలి దానికి తగిలి పక్కకు జారిపోతోంది.

కెప్టెన్ సాబ్ ఒడ్డుకు వచ్చి గుడ్డను చేత్తో పట్టుకున్నాడు. అది ఇంకా చెమ్మగానే ఉంది. "క్యా కియా ఇస్కో? ఎవరు చేశారు?"

నేను నోరు తెరిచేలోపే కాక ముందుకు వచ్చాడు. "నేనే సాబ్. నా హుకుం. వీళ్లకు తెల్వదు."

కెప్టెన్ సాబ్ అరవలేదు. అరిస్తే బాగుండేది. "పోటీ ఎల్లుండి. ఎల్లుండి వరకు నాకు కనబడకండి" అని వెళ్లిపోయాడు.

కాక గడ్డిమీద కూర్చున్నాడు. "అయిపాయె బిడ్డా. కార్ఖానకు నేనే తాళమేసిన" అన్నాడు. నాకు పనిలేని రోజున పేరు కూడా అడగకుండా ముక్కలు చేతికిచ్చిన మనిషి, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నేను చూడలేకపోయాను.

దావూద్ చాచా

అక్కడి పడవవాళ్లను అడిగితే షెడ్డు పక్క సందు చూపించారు. దావూద్ చాచా అని ఒక ముసలాయన, చేపల పడవల తెరచాపలు బాగుచేస్తాడు. ఆయనది బొంబాయి హిందీ. నాకు గుర్తున్నంత తెలుగులో రాస్తున్నాను.

మేము తెచ్చిన గుడ్డను ఆయన ముందు చూడలేదు. ఒక కొనను నాలుకకు తగిలించుకున్నాడు. పకపకా నవ్వాడు.

"దీనికి సముద్రం తాగించిందెవరు?"

కాక చెయ్యి ఎత్తాడు.

"ఉప్పు తిన్న గుడ్డకు దాహం తీరదు. గాలిలో తడి ఎక్కడుంటే అక్కడ తాగుతూనే ఉంటుంది. ఎప్పటికీ ఆరదు. పైగా బిగించి తడిపారు. మీరేం కుడతారు?"

"డేరాలు" అన్నాడు కాక.

చాచా నవ్వు ఆపేశాడు. "అదీ సంగతి. డేరా పని గాలిని బయట నిలబెట్టడం. దీని పని గాలిని లోపల కూర్చోబెట్టడం. కూర్చోవడానికి ఒడి కావాలి కదా! మీరు ఒడి తీసేశారు."

నా పనిలో నేను విన్న పాఠాల్లో ఇంత చిన్నది, ఇంత పెద్దది ఇంకోటి లేదు. మా ఆనవాయితీ తప్పు కాదు. డేరాకు అది ప్రాణం. అది ఎందుకు పుట్టిందో ఎవరూ మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. అందుకే దాన్ని ఎక్కడ ఆపాలో తెలియలేదు. మీకు ఏ మేస్త్రి ఏ పద్ధతి నేర్పినా, ఎందుకని అడగండి. విసుక్కుంటే మర్నాడు మళ్లీ అడగండి.

కాక అప్పుడు చేసిన పని మా కార్ఖానాలో ఇంకే మేస్త్రీ చేసేవాడు కాదు. ముప్పావు జీవితం మేస్త్రిగా బతికినవాడు, చాచా ఎదుట నేలమీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, "ఉస్తాద్, నాకు కండ్లు సాల్తలేవు. గీ బిడ్డకు నేర్పియ్యి. నేను పక్కపొంటి కూసొని ఇంట" అన్నాడు.

నెరిసిన జుట్టుతో పలక పట్టుకుని బడికి పోయినప్పుడు నాకు సిగ్గేయలేదా అని అడుగుతారు. వేయలేదు. ఆ రోజు కాకను చూశాను కాబట్టి.

ముందు మంచినీళ్లతో ఉప్పంతా పోయేదాకా కడిగాం. పంపు దగ్గర నీళ్లు మోసింది మా ఆయన. "బొంబాయి సూడనీకొస్తే బిస్తీ పని వెట్టిండ్రు" అని గొణుగుతూనే మోశాడు. తరువాత గుడ్డను బిగించకుండా, వదులుగా నీడగాలికి వేలాడదీశాం. ఆరాక చాచా తన చేతికున్న తోలుపట్టీ విప్పి నా చేతికి తొడిగాడు. అరచేతికి అడ్డంగా ఉండే ఆ పట్టీలో ఒక ఇనుప బిళ్ల ఉంటుంది. దానితో సూదిని నెడితే బరువు గుడ్డలోనూ వెన్నలో దిగినట్టు దిగుతుంది. నేను అంతవరకు వట్టి చేత్తో నెట్టేదాన్ని.

గుడ్డపట్టీల అతుకులను, పడవలో తెరచాపను కట్టే స్తంభం వైపు అంచు దగ్గర విప్పించాడు. అంచున ఒక వేలి వెడల్పు ఎక్కువగా ఒకదానిమీద ఒకటి ఎక్కించి, లోపలికి పోనుపోను ఆ ఎక్కువ సన్నగిల్లేలా మళ్లీ కుట్టించాడు. అంచు అంతా అలా బిగిస్తే నడుమ గుడ్డ తనంతట తనే ఉబ్బుతుంది.

"ఎందుకు గుంజుతున్నావు?" అని చేతిమీద కొట్టాడు ఒకసారి. "పరుపు అలవాటా? దూది పారిపోతుందని పరుపుకు గుంజుతారు. ఇక్కడ పారిపోయేది ఏముంది? దారం పడుకుంటే చాలు."

మర్నాడు కూడా అదే పని. కుడుతుండగా ఆయనే అడిగాడు. "మీ హైదరాబాద్‌లో గొడవలయ్యాయి కదా బేటీ. మీ ఇంటివాళ్లంతా క్షేమమేనా?"

నేను కాకవైపు చూశాను. ఆయన నా కోసం దారానికి తేనెమైనం రాస్తున్నాడు.

"క్షేమమే చాచా" అన్నాను. "నాకు పని దొరికింది."

ఆయన తరువాతి అతుకు చూపించాడు.

పోటీ

పోటీ రోజు పొద్దున తెరచాపను కెప్టెన్ సాబ్ ముందు పెట్టాం. చాచా కూడా మాతో వచ్చాడు. కెప్టెన్ సాబ్ ఆయన చెప్పిందంతా విన్నాడు. మొదట గట్టిగా లాగొద్దు, ముందు గుడ్డను గాలికి అలవాటు పడనీ, తడిస్తే తాడు కాస్త వదులు అని. ఒక ముసలి చేపలపడవల దర్జీ చెబుతుంటే ఆయన తల ఊపుతూ విన్నాడు. కోపం రాని పైఅధికారి కోసం వెతక్కండి, దొరకడు. కోపం వచ్చాక కూడా వినేవాడు దొరికితే అతని దగ్గర పనిచేయండి.

మేము రేవు గోడమీద కూర్చున్నాం. తుపాకీ మోగింది. తెల్ల తెరచాపలన్నీ ఒక్కసారి ఒరిగాయి. నా కంటికి ఒక్కటే కనబడింది. దాని మీది అక్షరం నాకు చదవడం రాదు, కానీ దాని ప్రతి కుట్టూ తెలుసు.

"ఉబ్బిందానె?" అన్నాడు కాక. ఆయనకు అంత దూరం ఆనదు.

"ఉబ్బింది కాకా."

"సక్కగ జెప్పు. ఎంత ఉబ్బింది?"

"బువ్వ తిన్న పిల్లగాని పొట్ట లెక్కున్నది."

ఆయన గోడమీద చేతులు ఆనించి, కళ్లు మూసుకున్నాడు. నేను చెబుతూ పోయాను. ఒక పడవను దాటింది, ఇంకోటి మమ్మల్ని దాటింది, మలుపు తిరిగింది, కుట్టు ఊడలేదు. కెరటం తెరచాప మీదికి ఎగిసింది, కెప్టెన్ సాబ్ తాడు వదులు చేశాడు.

గెలిచింది పై దేశం వాళ్లు. ముందు వచ్చినవాళ్లలో మా పడవ లేదు, వెనకపడ్డవాళ్లలోనూ లేదు. ఒడ్డుకు దిగిన కెప్టెన్ సాబ్ ఒళ్లంతా నీళ్లు కారుతుండగా అంచు వెంట వేలు పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. తరువాత కాకతో, "కంటోన్మెంటు డేరాలు చాలా పాతబడ్డాయి మేస్త్రీ. వాన కారుతోంది. చూస్తారా?" అన్నాడు.

కాక తలపాగా సర్దుకున్నాడు. "ఎందుకు సూడం సాబ్?"

వచ్చేటప్పుడు తోలుపట్టీ తిరిగి ఇవ్వబోతే దావూద్ చాచా తీసుకోలేదు. తన దగ్గర ఇంకోటి ఉందన్నాడు. ఆయన సందులో నేను రెండు రోజులు కూర్చున్నాను. ఇంకోటి లేదు.

ఆయన్ను మళ్లీ చూడలేదు. ఆ పట్టీ నా చేతికి పెద్దది, లోపల గుడ్డ మడిచి పెట్టి వాడాను. ఇప్పుడు అది కార్ఖానాలో మేకుకు వేలాడుతోంది. కొత్తగా వచ్చిన ప్రతి అమ్మాయీ మొదటి కుట్టు దానితోనే వేస్తుంది. పేరు తరువాత అడుగుతాం.

తిరిగి వచ్చాక

కంటోన్మెంటు పాత డేరాలు బాగుచేశాక, కొన్నాళ్లకు కొత్తవి కుట్టే పని కూడా వచ్చింది. మొదటి కొత్త డేరాను మైదానంలో నిలబెట్టిన రోజు కార్ఖానా ఆడవాళ్లమంతా వెళ్లాం. గూటాలు కొట్టారు. గుడ్డ బిగించారు. కొబ్బరికాయ, నీళ్ల బిందెలు సిద్ధంగా ఉన్నాయి. అందరూ కాక హుకుం కోసం చూస్తున్నారు. ఆయన బిందె ఎత్తి, మధ్యలో ఆపి, నావైపు తిరిగాడు.

"ఏం బిడ్డా మస్తాన్‌బీ, తాగిపియ్యాల్నా?"

అందరి ముందూ, మేస్త్రి నన్ను అడిగాడు.

"గిది డేరా గద కాకా" అన్నాను. "దండిగ తాగిపియ్యి."